థియేటర్ టికెట్లు బుక్ కావట్లేదు, మూడు గంటలుగా ఇదే పని

వేసవి_ప్రయాణం:
ఏడింటికి కూర్చున్నాను, ఇప్పుడు పదిన్నర దాటింది. సీట్లు ఎంచుకుంటే ఒకసారి "ఈ ఎంపిక కుదరదు" అంటుంది. వేరే సీట్లు తీసుకుని డబ్బు కట్టేదాకా వెళితే పేమెంట్ ఫెయిల్. వెనక్కి వచ్చి చూస్తే అవే సీట్లు అమ్ముడైపోయినట్టు చూపిస్తుంది. రెండు నిమిషాల్లో ఎవరు కొనేస్తున్నారో! కార్డులో డబ్బుంది, రోజూ వాడే కార్డే. పైగా బాల్కనీ అన్నిటికంటే చవగ్గా ఉంది, అది ఆఫరా మోసమా తెలియట్లేదు. ఒకే హాలుకి రెండు పేర్లు కూడా కనిపిస్తున్నాయి. మంచి సీట్లు కావాలి, ఎలాగో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

కొండపల్లి:
ఏ ఊరు? ఏ హాలు? ఏ తేదీ? ఎంతమంది? ఏ కార్డు? ఇవి రాయకుండా సాయం అడిగితే ఎవరూ చేయలేరు.

వరంగల్_పిల్ల:
బాల్కనీ చవగ్గుండుడేందక్కా? ఏ థియేటర్ల చూసినా బాల్కనీకే రేటెక్కువ. అది అసలు సైటే కాదేమో, కార్డు నంబరు ఇయ్యకు. పైసలు కట్ అయ్యి టికెట్ రాకపోతే తిరిగొచ్చేదాంక ఆగు, మళ్ళ మళ్ళ కట్టకు.

రంగస్థలి:
ముందు మాట సంగతి తేల్చుకుందాం. థియేటర్ అంటే మనవాళ్ళందరికీ సినిమా హాలే గుర్తొస్తుంది, పై జవాబులోనూ అదే జరిగింది. అడిగేది నాటకం గురించైతే నాటకశాల అనండి, రంగశాల అనండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలవాళ్ళు ఇవాళ్టికీ ఆడుతున్నారు. అంత చరిత్ర ఉన్న భాషలో నాటకశాలకి వేరే మాట లేనట్టు రాయడం బాధగా ఉంటుంది. వెతికేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది. "థియేటర్ టికెట్లు" అని తెలుగులో కొడితే సినిమాలే వస్తాయి.

వేసవి_ప్రయాణం:
సారీ అండీ, లండన్ అని రాశాననుకున్నాను. సినిమా కాదు, మ్యూజికల్, అంటే పాటల నాటకం, ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా. హేమార్కెట్‌లో ఉండే హిజ్ మెజెస్టీస్ థియేటర్. ఆగస్టు రెండో శనివారం సాయంత్రం ఆట, ఐదు టికెట్లు. ఉండేది విజయవాడలో, కార్డు ఇక్కడి బ్యాంకుదే.

థేమ్స్_గట్టు:
ఇప్పుడు చెప్పొచ్చు. మీకు వచ్చినవి మూడు వేర్వేరు ఇబ్బందులు, ఒకటే అనుకుని తికమకపడుతున్నారు.

"ఈ ఎంపిక కుదరదు" అన్నది ఒంటి సీటు నియమం వల్ల. వరసలో ఆరు సీట్లు పక్కపక్కన ఖాళీగా ఉన్నాయనుకోండి. మీరు ఐదు తీసుకుంటే ఒక్కటి మిగులుతుంది. ఆ ఒక్కటీ అమ్ముడుపోవడం కష్టం కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. సరిగ్గా ఐదే ఖాళీ ఉన్న వరస, లేదా ఏడూ అంతకంటే ఎక్కువ ఖాళీ ఉన్న వరస చూడండి. ఏడు ఉంటే ఒక చివరి నుంచి మొదలుపెట్టి రెండు వదలాలి. మధ్యలోంచి తీసుకుంటే అటొకటి ఇటొకటి మిగిలి మళ్ళీ అదే మాట చెబుతుంది. ఐదు ఒకే వరసలో దొరక్కపోతే ముందు వరసలో మూడు, సరిగ్గా వాటి వెనకే రెండు తీసుకోండి. పక్కపక్కనే కూర్చున్నట్టే ఉంటుంది, మధ్య బ్లాకులో సీట్లు కూడా దొరుకుతాయి.

"అమ్ముడైపోయాయి" అని కనిపించినవి ఎవరూ కొనలేదు, మీ బుట్టలోనే ఉన్నాయి. సీట్లు ఎంచుకోగానే సైటు వాటిని కొన్ని నిమిషాలు మీకోసం పట్టి ఉంచుతుంది. పేమెంట్ ఫెయిలైనా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది. మీరు వేరే ట్యాబ్‌లో కొత్తగా తెరిస్తే మీ పాత బుట్టే మీకు అడ్డం. పాత ట్యాబ్‌కి వెళ్ళి బుట్టలోంచి సీట్లు తీసేయండి, అది పోయి ఉంటే పావుగంట ఆగండి. ఫోన్లో ఒకరు, ల్యాప్‌టాప్‌లో ఒకరు కూర్చుంటే ఒకరి సీట్లు ఇంకొకరికి దొరకవు.

రెండు పేర్లూ ఆ హాలువే. రాణి పోయి చార్లెస్ రాజయ్యాక 2023లో హర్ మెజెస్టీస్ పేరు హిజ్ మెజెస్టీస్ అయింది. పాత సీట్ల పటాలూ ఫొటోలూ పాత పేరుతోనే ఉన్నాయి, వెతికేటప్పుడు రెండు పేర్లూ వాడండి.

బాల్కనీ మోసం కాదు, ఆఫరూ కాదు. ఆ హాల్లో కింది నుంచి పైకి స్టాల్స్, రాయల్ సర్కిల్, గ్రాండ్ సర్కిల్, బాల్కనీ అని నాలుగు అంతస్తులు. బాల్కనీ అంటే అన్నిటికంటే పైది, స్టేజీకి దూరం, నిటారు మెట్లు. మన సినిమా హాల్లో తెర పెద్దది కాబట్టి వెనక ఎత్తున కూర్చుంటే హాయి. స్టేజీ మీద మనిషి మనిషంతే ఉంటాడు, దూరం పోయినకొద్దీ ముఖం కనపడదు. అందుకే ఇక్కడ రేట్లు తలకిందులు.

వరంగల్_పిల్ల:
అంటే నేల టికెట్ ఖరీదు, బాల్కనీ చవక అన్నమాట! మరి సైటు అసలుదో కాదో ఎట్ల తెల్వాలె?

థేమ్స్_గట్టు:
వెతికితే అన్నిటికంటే పైన ప్రకటనగా వచ్చేదాన్ని నొక్కకుండా హాలు సొంత సైటుకి వెళ్ళాలి. ఈ హాలు ఎల్‌డబ్ల్యూ థియేటర్స్ అనే కంపెనీది. ఏజెంటు దగ్గర కొంటే స్టార్ అనే టికెట్ ఏజెంట్ల సంఘం గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఒకరు కొన్న టికెట్ ఇంకొకరికి అమ్మిపెట్టే సైట్లు వరస, సీటు నంబరు, టికెట్ మీద ముద్రించిన ధర చూపించాలని బ్రిటన్‌లో 2015 వినియోగదారుల హక్కుల చట్టం చెబుతుంది. అవి చూపించకుండా "బెస్ట్ సీట్లు" అని మాత్రమే రాస్తే అక్కడ కొనొద్దు.

లెక్కలపద్దు:
పేమెంట్ సంగతి నేను చెబుతాను, అందరూ దాన్ని వదిలేశారు. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 2020 తర్వాత ఇచ్చిన కార్డులు మొదట మన దేశంలో వాడకానికే పనిచేస్తాయి. విదేశీ వాడకం మీరు ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్ళండి. అక్కడ "అంతర్జాతీయ", "ఆన్‌లైన్" రెండూ ఆన్ చేసి, పరిమితి కూడా పెంచండి. ఆన్ చేసినా పరిమితి వెయ్యో రెండు వేలో ఉంటే మళ్ళీ ఫెయిలే, కారణం మాత్రం సైటు చెప్పదు. రూపే కార్డు చాలా బ్రిటిష్ సైట్లు తీసుకోవు, వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ వాడండి.

చిరునామా దగ్గర ముందు దేశం ఇండియా అని మార్చి, తర్వాత పిన్ కోడ్ కొట్టండి. దేశం యూకే అనే ఉంటే మన ఆరంకెల పిన్‌ని తప్పంటుంది.

ఖర్చు లెక్క కూడా చూసుకోండి. విదేశీ మారకం మీద చాలా కార్డులు 3.5 శాతం దాకా వేస్తాయి, దానిమీద 18 శాతం జీఎస్టీ. కలిపి 4.13 శాతం. 300 పౌండ్ల టికెట్లకి 12 పౌండ్ల పైనే. ఫారెక్స్ కార్డులో ముందే పౌండ్లు వేసుకుంటే ఇది తప్పుతుంది. పేమెంట్ పేజీ రూపాయల్లో కట్టమని అడిగితే వద్దనండి, పౌండ్లలోనే కట్టండి. రూపాయలంటే వాళ్ళ మారకం రేటు పడుతుంది.

కొండపల్లి:
లండన్ వెళ్ళాక కొనే పనైతే ఓటీపీ వచ్చే సిమ్‌కి రోమింగ్ బయల్దేరే ముందే పెట్టించాలి. అది మర్చిపోతే కార్డు ఉన్నా లేనట్టే.

న్యూజెర్సీ_నుంచి:
ఇంకో ముఖ్యమైన సంగతి ఎవరూ చెప్పలేదు. సీటు నంబర్లు చూసి మోసపోకండి. 1 పక్కన 3, దాని పక్కన 5 ఉంటాయి. ఎడమవైపంతా బేసి, కుడివైపంతా సరి, మధ్యలో 101 నుంచి వరసగా. 1, 2 తీసుకుంటే చెరో వైపు కూర్చోవాలి. స్టాల్స్ కంటే మెజనీన్ ముందు వరసలు మంచివి.

థేమ్స్_గట్టు:
అది న్యూయార్క్ బ్రాడ్వే పద్ధతి. లండన్‌లో నంబర్లు ఒక చివరి నుంచి ఇంకో చివరికి వరసగా నడుస్తాయి, 12 పక్కన 13. మెజనీన్ అన్న మాట కూడా ఇక్కడి పటంలో కనపడదు. వీళ్ళకి గందరగోళం పెంచకండి దయచేసి.

న్యూజెర్సీ_నుంచి:
మెజనీన్ అన్నా రాయల్ సర్కిల్ అన్నా స్టాల్స్ మీద మొదటి అంతస్తేగా? పేరేదైతేనేం?

రంగస్థలి:
పేరేదైతేనేం అంటే ఒప్పుకోలేను. పేరు తప్పు తెలిస్తే టికెట్ తప్పు కొంటారు, బాల్కనీ విషయంలో జరిగింది అదే. స్టాల్స్ మీది అంతస్తుని కొన్ని హాళ్ళలో డ్రెస్ సర్కిల్, కొన్నిట్లో రాయల్ సర్కిల్ అంటారు. దాని పైదాన్ని ఒక హాల్లో గ్రాండ్ సర్కిల్ అంటే ఇంకో హాల్లో అప్పర్ సర్కిల్. పటం తెరిచి కింది నుంచి ఎన్నో అంతస్తో లెక్కపెట్టుకోవడం ఒక్కటే సరైన దారి.

వేసవి_ప్రయాణం:
కార్డు సెట్టింగు రేపు ఉదయం చూస్తాను. ఐదుగురిలో మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లు ఎక్కలేరు. పాపకి ఆరేళ్ళు. దీనివల్ల సీట్లు ఏమైనా మారతాయా? చవగ్గా గ్రాండ్ సర్కిల్ మొదటి వరస తీసేసుకుందామనుకున్నాం.

థేమ్స్_గట్టు:
ఇది మొదటే రాయాల్సింది అండీ, మొత్తం మారిపోతుంది. గ్రాండ్ సర్కిల్ వద్దు. పై అంతస్తుల్లో మొదటి వరసకి ఎదురుగా రక్షణ కడ్డీ ఉంటుంది. పెద్దవాళ్ళు ముందుకి వంగి చూడగలరు, ఆరేళ్ళ పాప కళ్ళకి కడ్డీ సరిగ్గా అడ్డొస్తుంది. కాళ్ళు చాపుకునే చోటు కూడా పై అంతస్తుల్లో ఇరుకు, మోకాళ్ళ నొప్పికి అది ఇంకా కష్టం.

స్టాల్స్ అంటే నేల కాబట్టి మెట్లుండవు అనుకోవద్దు. లండన్ పాత హాళ్ళు చాలావాటిలో స్టాల్స్ వీధి మట్టం కంటే కిందుంటాయి, దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఇది 1897లో కట్టిన హాలు. లిఫ్టు ఉంటుందని ఊహించుకుని కొనకండి. టికెట్ తీసుకునే ముందే మెట్లు ఎక్కలేనివాళ్ళకి సాయం చేసే హాలువాళ్ళ యాక్సెస్ లైనుకి ఫోనో మెయిలో చేసి, "పెద్దావిడ ఇన్ని మెట్లు మాత్రమే ఎక్కగలరు, తక్కువ మెట్లతో చేరే సీట్లు ఏవి" అని అడగండి. ఏ తలుపు నుంచి వస్తే ఎన్ని మెట్లో వాళ్ళకి తెలుసు. అత్తగారికి నడవ పక్క సీటు అడగండి.

స్టాల్స్ దొరికితే బాగా వెనక వరసలు వద్దు. పైనున్న సర్కిల్ చూరులా ముందుకొచ్చి స్టేజీ పైభాగాన్ని కోసేస్తుంది. ఈ షోలో పైన వేలాడే పెద్ద దీపాల గుత్తి, షాండ్లియరే అందరూ ఎదురుచూసేది, వెనక నుంచి అది తెగిపోతుంది. మధ్య వరసలు, మధ్య బ్లాకు చూడండి. రాయల్ సర్కిల్ మధ్య భాగంలో మొదటి ఒకటి రెండు వరసలు తప్పితే ఏ వరసైనా ఈ పాపకి సుఖం. చిన్నపిల్లలకి ఎత్తు పెంచే కుషన్ హాల్లో అడిగితే ఇస్తారు, తొందరగా వెళ్ళాలి. "రిస్ట్రిక్టెడ్ వ్యూ" అని రాసి ఉంటే స్తంభమో కడ్డీయో చూరో అడ్డం ఉందని అర్థం, ఎంత తగ్గించినా పాప కోసం తీసుకోకండి.

తేదీ మార్చుకోగలిగితే శనివారం సాయంత్రం వదిలేయండి. అన్నిటికంటే ఖరీదైన ఆట అదే. వారం మధ్యలో మ్యాటినీ అయితే ధర తగ్గుతుంది, ఐదు సీట్లు కలిసి దొరికే అవకాశం ఎక్కువ, పాపకి నిద్ర సమస్య ఉండదు. ఆగస్టు అంటున్నారు కాబట్టి కిడ్స్ వీక్ కూడా చూడండి. పేరుకి వారమే గానీ వేసవి సెలవులంతా నడుస్తుంది. పూర్తి ధర కట్టే ఒక్కో పెద్దవాళ్ళతో వచ్చే 17 ఏళ్ళు, అంతకంటే తక్కువ ఉన్న ఒక పిల్లకి టికెట్ ఉచితం. ఆ ఏడాది ఏ షోలు, ఏ తేదీలు అన్నది అఫీషియల్ లండన్ థియేటర్ సైటులో ఉంటుంది. ముందే బుక్ చేయాలి, గుమ్మం దగ్గర ఇవ్వరు.

వరంగల్_పిల్ల:
ఆ రోజు పొద్దుగాల పోయి అక్కడే కొంటే సగం రేటుకొస్తదని విన్న, నిజమేనా?

థేమ్స్_గట్టు:
లెస్టర్ స్క్వేర్ తోటకి దక్షిణం పక్కన తగ్గింపు టికెట్లు అమ్మే టీకేటీఎస్ బూత్ ఉంది, లండన్ నాటకశాలల సంఘం 1980 నుంచి నడుపుతున్నది. ఆ చుట్టుపక్కల "హాఫ్ ప్రైస్" బోర్డులు పెట్టిన దుకాణాలు వేరే, పొరపడకండి. ఇద్దరికైతే ఇది మంచి దారి. ఐదుగురికి, అందులో మెట్లు ఎక్కలేని పెద్దావిడ ఉంటే మంచిది కాదు. సీటు ఎంచుకునే వీలు తక్కువ, విడివిడిగా పడతారు.

రంగస్థలి:
నేల టికెట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. లండన్‌లో అసలైన నేల టికెట్ ఇప్పటికీ ఒక చోట ఉంది. 1997లో తిరిగి కట్టిన షేక్‌స్పియర్ గ్లోబ్ రంగశాలలో స్టేజీ ముందు ఆరుబయట 700 మంది నిలబడి చూస్తారు, అదే అక్కడ అన్నిటికంటే చవక. కూర్చోనివ్వరు, వానొస్తే గొడుగు తెరవనివ్వరు, రెయిన్‌కోటు వేసుకోవాలి. నిలబడగలిగినవాళ్ళు ఒక పూట అక్కడికి వెళ్ళాలి.

కొండపల్లి:
మోకాళ్ళ నొప్పి అన్నారు కదండీ.

రంగస్థలి:
ఆవిడకి కాదు, మిగతా నలుగురికి. గ్లోబ్‌లో చుట్టూ గ్యాలరీల్లో బెంచీలూ ఉన్నాయి, కుషన్ అద్దెకిస్తారు.

న్యూజెర్సీ_నుంచి:
టీకేటీఎస్ పేరు మొదట న్యూయార్క్‌దే, 1973 నుంచి. అక్కడ మెజనీన్ అనే అంటారు.

వేసవి_ప్రయాణం:
కార్డులో అంతర్జాతీయం ఆఫ్‌లోనే ఉంది. ఆన్ చేశాక ఒక్కసారికే అయింది. బుధవారం మ్యాటినీ, మూడు ముందు, రెండు వెనక. థాంక్స్ అందరికీ.

లెక్కలపద్దు:
నిన్న ఫెయిలైన వాటిలో ఏదైనా డబ్బు పట్టి ఉంచారేమో స్టేట్‌మెంట్ చూసుకోండి. కొన్ని రోజుల్లో వదిలేయాలి, వదలకపోతే బ్యాంకుకి రాయండి.

కొండపల్లి:
ఏ అంతస్తు, ఏ వరస? యాక్సెస్ లైనువాళ్ళు మెట్లు ఎన్నన్నారు? తర్వాత వెతికేవాళ్ళకి పనికొస్తుంది, రాయండి.

వరంగల్_పిల్ల:
అవునక్కా, రాయండి. మా అమ్మకు గూడ మోకాళ్ళ నొప్పులే.