లీనియర్ షాఫ్ట్ 12 ఎంఎం చాలా, 16కి వెళ్లాలా?

చెక్క కోయడానికి చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే కటింగ్ మెషిన్) కడుతున్నానండి. గ్యాంట్రీకి, అంటే కట్టర్‌ని మోసే అడ్డ వంతెనకి, బేరింగ్‌లు జారే రెండు షాఫ్ట్‌లు, చివర్లలో మాత్రమే సపోర్ట్, మధ్యలో 800 ఎంఎం ఖాళీ, పైన స్పిండిల్‌తో (కట్టర్ తిప్పే మోటార్) కలిపి 4 కిలోలు. లెక్క కడితే 12 ఎంఎం షాఫ్ట్ మధ్యలో దాదాపు 1 ఎంఎం వంగుతోంది, 16 వేస్తే 0.3 దాకా దిగుతోంది, కానీ కట్టర్ లాగే బలం ఇందులో కలపలేదు. అందుకే పొడవునా కింద సపోర్ట్ ఉండే ఎస్‌బీఆర్ రైలే నయమా అని డౌటు.

ఇంకోటి, తుప్పు పట్టదు కదా అని 304 స్టెయిన్‌లెస్ రాడ్ వేయమంటున్నారు. అది మెత్తన, బాల్ బేరింగ్ తిరిగితే గాడులు పడవూ? నా మొగ్గు హార్డెనింగ్ చేసి క్రోమ్ పూసిన హెచ్6 (వ్యాసం కచ్చితత్వం గ్రేడ్) షాఫ్ట్ వైపే. దాని చివర్లో ఎం6 (6 ఎంఎం బోల్టు) మర కొట్టాలంటే గట్టిపొర దాటి లోపలి మెత్తటి భాగంలో ట్యాప్ దిగుతుందా? చేసినవాళ్లు చెప్పండి.