సంక్రాంతి మర్నాడు ఆదివారం: చర్చా గుంపుల ప్లానింగ్, వాలంటీర్లు అందరూ చదవండి

ఈవెంట్ కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. శనివారం సంక్రాంతి సంబరాలు హైస్కూల్ ఆడిటోరియంలో ఎప్పట్లాగే జరుగుతాయి. ముగ్గుల పోటీ, భోగిపళ్ళు, పిల్లల డాన్సులు, ఆ పనంతా వేరే గ్రూపులో నడుస్తోంది కాబట్టి దాన్ని ఇక్కడ కలపొద్దు. ఇక్కడ మాట్లాడుకోవలసింది మర్నాడు ఆదివారం మధ్యాహ్నం సంగతి. లైబ్రరీ మీటింగ్ రూమ్ 2 నుంచి 5 దాకా దొరికింది. ఆ తర్వాతి సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఆయన 1929 జనవరి 15న మన అట్లాంటాలోనే పుట్టారు, అంటే దాదాపు ప్రతి ఏడూ మన పండగా ఆయన పుట్టినరోజూ పక్కపక్కనే వస్తాయి. ఇన్నేళ్ళుగా ఇక్కడ సంక్రాంతి చేస్తూ ఆ సోమవారాన్ని గిన్నెలు కడుక్కుని సామాన్లు సర్దుకోవడానికే వాడుకున్నాం. ఇది నన్ను చాలా రోజులుగా తొలుస్తోంది.

చేద్దామనుకుంటున్నది ఇదీ. జాతి వివక్ష గురించి ఏడెనిమిది మంది చొప్పున గుంపులుగా కూర్చుని మాట్లాడుకోవడం, మాటలకు ముందూ మధ్యలోనూ కాసేపు మౌనంగా శ్వాసను గమనించడం. వేదిక వద్దు, మైక్ వద్దు, ముఖ్య అతిథి వద్దు, శాలువాలు మెమెంటోలు అసలే వద్దు. జ్యోతి ప్రజ్వలన కూడా వద్దంటున్నాను, దయచేసి తప్పుగా అనుకోకండి. వేదిక ఉంటే మనమంతా వేదిక వైపే చూస్తాం, పక్కన కూర్చున్నవాళ్ళ మొహం చూడం. ఐదు గుంపులు అనుకుంటున్నాను, నడపడానికి ఐదుగురు కావాలి. పెద్ద చదువేం అక్కర్లేదు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే అడ్డుపడకుండా వినగలిగితే చాలు.

ట్రెజరర్:
అక్కా, సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. మనది సాంస్కృతిక సంఘం. మన సభ్యుల్లో రెండు పార్టీలకూ ఓటేసేవాళ్ళు ఉన్నారు, వీసా మీద ఉన్నవాళ్ళు చాలామంది, ఇలాంటి చోట పేరు కనిపిస్తే ఏమవుతుందోనని టెన్షన్ పడేవాళ్ళూ ఉన్నారు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లో శ్రీనివాస్ కూచిభొట్ల గారిని మా దేశం నుంచి వెళ్ళిపో అంటూ కాల్చి చంపారు. ఆ తర్వాత మా ఆవిడ చాలా రోజులు షాపుల్లో ఫోన్ వస్తే తెలుగులో మాట్లాడేది కాదు, బయటికొచ్చి కారులో కూర్చుని మాట్లాడేది. మన బాధ మనకుంది. బానిసత్వం మనం చేసింది కాదు, మనం వచ్చింది నిన్నగాక మొన్న, అదంతా మనమెందుకు నెత్తినేసుకోవాలి అని సభ్యులు అడిగితే నేనేం చెప్పాలి? ఖర్చు గురించి అయితే నాకు అభ్యంతరం లేదు, పెద్దగా అయ్యేదేమీ కనపడటం లేదు.

ఈవెంట్ కోఆర్డినేటర్:
అన్నా, అడిగినందుకు థాంక్స్, ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది. ముందు భయం సంగతి. ఫొటోలు ఉండవు, సంతకాల షీట్ ఉండదు, ఫేస్‌బుక్‌లో పెట్టేదేమీ ఉండదు, ఎవరేమన్నారో ఆ గదిలోనే ఉంటుంది. రెండోది, కాన్సస్ సంగతి కూడా తప్పకుండా మాట్లాడుకుంటాం. వదిన కారులో కూర్చుని ఫోన్ మాట్లాడిన సంగతి లాంటివి మనలో మనం ఎప్పుడూ చెప్పుకోలేదు, అందరూ లోపలే దాచుకున్నారు.

మూడోది, మనమెందుకు అన్నది. మనం ఇళ్ళు కొనుక్కున్న ఈ ఫోర్సైత్ కౌంటీ చరిత్ర నాకు ఇక్కడికొచ్చిన ఆరేళ్ళకు గానీ తెలియలేదు. 1912 సెప్టెంబరులో, మనం ఎండాకాలం పిక్నిక్‌లకు వెళ్ళే లేక్ లేనియర్ పక్కన ఆస్కార్‌విల్ దగ్గర, ఒక తెల్ల అమ్మాయి మీద దాడి జరిగింది, తర్వాత ఆ అమ్మాయి చనిపోయింది. ఆ నేరం మోపి, రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి మనిషిని జైల్లోంచి లాక్కొచ్చి కమింగ్ ఊరి నడిబొడ్డున చంపి వేలాడదీశారు. ఇంకో ఇద్దరు నల్లజాతి పిల్లలను, నిజంగా పిల్లలే, ఒకడికి పదహారు, ఇంకొకడికి పద్దెనిమిది, ఆ ఏడు అక్టోబరులో వేల మంది చూస్తుండగా ఉరితీశారు. ఆ తర్వాత రాత్రిళ్ళు గుర్రాల మీద వచ్చి, ఇళ్ళూ చర్చిలూ తగలబెట్టి, కౌంటీలో ఉన్న దాదాపు 1,100 మంది నల్లవాళ్ళను ఉన్నపళంగా వెళ్ళగొట్టారు. పొలాలు అలాగే వదిలి పారిపోయినవాళ్ళు ఉన్నారు. చాలా ఏళ్ళ పాటు ఇక్కడ నల్లవాళ్ళు ఉండలేకపోయారు. 1987 జనవరి 17న, కింగ్ సెలవు వారాంతంలోనే, కింగ్ సహచరుడు హొసియా విలియమ్స్ ఆధ్వర్యంలో కొద్దిమంది ఇక్కడ శాంతి నడకకు వస్తే రాళ్ళతో కొట్టారు. వారం తిరిగేసరికి దాదాపు ఇరవై వేల మంది వచ్చి నడిచారు. 1987 అంటే మనలో చాలామంది పుట్టి ఉన్నాం కదా అన్నా.

ఇప్పుడు ఇదే కౌంటీలో, 400 హైవే పొడవునా, ఎక్కడ చూసినా మన తెలుగువాళ్ళే. స్కూళ్ళు బాగున్నాయి, ఇళ్ళు కొత్తవి, సేఫ్ అనుకుని వచ్చాం. అది తప్పని నేననడం లేదు, నేనూ అలాగే వచ్చాను. కానీ ఈ నేల ఎవరెవరిని తరిమేసి ఖాళీ అయిందో తెలుసుకోకుండా ముగ్గు వేసుకోవడం నాకు చేతకావడం లేదు.

ఇంకో మాట, మన రాక గురించి. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వం ఇవ్వకూడదని ఇక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1946లో తలుపు కాస్త తెరిచినా ఏడాదికి వంద మందికే కోటా. అది మారింది 1965 వలస చట్టంతో. ఆ చట్టం గాల్లోంచి ఊడిపడలేదు, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం తెచ్చిన ఊపులోనే అదీ వచ్చింది. ఆ ఊపు ఎవరి దెబ్బల వల్ల వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. మనం నిన్నగాక మొన్న వచ్చినా, వాళ్ళు వేసిన బాట మీదే వచ్చాం.

యూత్ వాలంటీర్:
ఆంటీ, నేను పదకొండో గ్రేడ్. ఒక్క సంగతి చెప్పాలి. పోయినేడు నా బర్త్‌డేకి ఒక ఫ్రెండ్ వచ్చాడు, వాడు బ్లాక్, ఫిఫ్త్ గ్రేడ్ నుంచీ నాకు తెలుసు. అంతా బాగానే అయింది. మర్నాడు వాడు అడిగాడు, నల్లోళ్ళు అంటే ఏంటి, మీ ఇంట్లో ఆ మాట మూడు సార్లు విన్నాను, అంటున్నప్పుడు నా వైపే చూశారు అని. నేను ఏదో చెప్పేశాను, నాకు ఇప్పటికీ బాగోలేదు. ఇళ్ళ గురించి మాట్లాడుకునేటప్పుడు కూడా అది నల్లోళ్ళ ఏరియా, అక్కడ కొనొద్దు అని పెద్దవాళ్ళు అంటూనే ఉంటారు, మేం పక్కనే ఉంటాం, మాకు తెలుగు అర్థమవుతుందని మర్చిపోతారు. అందుకే పిల్లల గుంపు వేరేగా పెట్టొద్దు ప్లీజ్. మేం పెద్దవాళ్ళతోనే కూర్చుంటాం. మా అమ్మానాన్న ఉన్న గుంపులో మాత్రం వేయకండి.

ఈవెంట్ కోఆర్డినేటర్:
నాన్నా, ఇది రాసినందుకు చాలా సంతోషం. నీ మాటే ఖాయం. ప్రతి గుంపులో హైస్కూల్ పిల్లలు ఇద్దరు ఉంటారు, అమ్మానాన్నలతో కాకుండా. పెద్దవాళ్ళు వాళ్ళను సరిదిద్దకూడదని నడిపేవాళ్ళు ముందే చెప్పాలి.

ధ్యానం టీమ్:
నేను పదేళ్ళ కిందట నాగార్జునసాగర్ రోడ్డు మీది విపశ్యన కేంద్రంలో పది రోజులు మౌనంగా కూర్చున్నాను, అప్పటి నుంచీ రోజూ చేస్తున్నాను. గురువును కాదు, చేసేదాన్ని మాత్రమే. మనకు ఇదేం కొత్త కాదు, శ్వాస మీద ధ్యాస అనే మాట మన ఊళ్ళల్లో గోడల మీద చదివిన మాటే. ఆదివారం మొదట ఐదు నిమిషాలు, ప్రతి విడత మాటల తర్వాత రెండు నిమిషాలు చాలు. కళ్ళు మూసుకోవాలని బలవంతం లేదు, కొందరికి కళ్ళు మూసుకుంటే భయం వేస్తుంది, నేల వైపు చూసినా సరిపోతుంది. కుర్చీలోనే, పాదాలు నేలకు ఆనించి, ఊపిరిని పట్టి లాగకుండా వస్తున్నదాన్ని వస్తున్నట్టే చూడటం, అంతే.

అసలు పని తర్వాత మొదలవుతుంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మన పొట్ట బిగుసుకుంటుంది, చెవులు వేడెక్కుతాయి, నేనలాంటిదాన్ని కాదు అనే మాట గొంతు దాకా వస్తుంది. అది వచ్చిందని తెలుసుకుని, బయటికి అనకుండా ఒక్క ఊపిరి ఆగగలిగితే అప్పుడు వినిపిస్తుంది. నాకు ఇష్టం లేనిది ఒకటుంది, అది ఇప్పుడే చెబుతాను. ఎవరైనా తమకు జరిగింది కోపంగా చెబుతుంటే శాంతంగా మాట్లాడండి, ధ్యానం చేయండి అని వాళ్ళ నోరు మూయించడం. ధ్యానం పేరు చెప్పి అది చాలాచోట్ల జరుగుతుంది. కోపం తెచ్చుకోవలసిన చోట కోపం రావాలి. మౌనం వినేవాళ్ళకు, చెప్పేవాళ్ళకు కాదు.

మెంబర్‌షిప్ కమిటీ:
మా చర్చి నుంచి నాలుగు తెలుగు కుటుంబాలు రావాలనుకుంటున్నాయి. ధ్యానం అంటే వాళ్ళకు కాస్త సంకోచం. ఓంకారం, మంత్రం, పటాలు లేకపోతే ఇబ్బంది లేదన్నారు.

ధ్యానం టీమ్:
అవేవీ ఉండవండి, ఒక్క చిన్న గంట మోగిస్తాను, అది కూడా వద్దంటే చేత్తో టేబుల్ తడతాను. కింగ్ పాస్టరే కదా. ఆయనకు 1966లో షికాగోలో తిక్ నాట్ హాన్ అనే వియత్నాం బౌద్ధ భిక్షువు కలిశారు, మరుసటి ఏడు ఆ భిక్షువుకు నోబెల్ శాంతి బహుమతి ఇవ్వమని కింగే ఉత్తరం రాశారు. ఒకరు చర్చి, ఒకరు ఆశ్రమం, అయినా ఇద్దరికీ మాట కలిసింది. ఈ సంగతి మీ వాళ్ళకు చెప్పండి.

సౌండ్ అండ్ సెటప్:
నేను ఎక్కువ రాయను, ఒక్కటే. మన రంగు గురించి, వాళ్ళ రంగు గురించి మాట్లాడుకుని కులం గురించి నోరెత్తకుండా లేస్తే నేను రాను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడాది ఒక పాట్‌లక్‌లో పరిచయమైన ప్రతివాళ్ళూ ఊరేది, ఇంటిపేరేది, ఆ ఊళ్ళో ఎటువైపు అని అడిగారు. జవాబు విన్నాక కొందరు ఫోన్ నంబర్ తీసుకోలేదు. కింగ్ 1959లో ఇండియా వచ్చినప్పుడు కేరళలో ఒక స్కూల్ ప్రిన్సిపాల్ ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన మీ తోటి అంటరానివాడు అని దళిత పిల్లలకు పరిచయం చేశాడు. మొదట ఆయనకు మనసు చివుక్కుమంది, తర్వాత ఆలోచించి అవును, నేనూ అంటరానివాణ్ణే అనుకున్నారు. 1965 జులై 4న ఇదే అట్లాంటాలో ఎబెనీజర్ చర్చిలో ఆయనే చెప్పారు ఈ సంగతి. ఆయనకు అర్థమైంది మనకు అర్థం కావాలి. సియాటిల్‌లో 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేశారు. ఇక్కడ లేదు కాబట్టి కులం కూడా లేదనుకోలేం.

ఈవెంట్ కోఆర్డినేటర్:
తమ్ముడూ, ఆ పాట్‌లక్‌లో నేనూ ఉన్నాను. ఇంటిపేరు అడిగినవాళ్ళలో నేనూ ఉన్నానేమో, గుర్తు లేదు, గుర్తు లేకపోవడం కూడా తప్పే. క్షమించు. కులం తప్పకుండా ఉంటుంది. దానికి విడిగా గుంపు పెట్టాలా అని రెండు రోజులు ఆలోచించాను. పెడితే వినాల్సినవాళ్ళు ఆ గుంపుకు రారు. అందుకని అన్ని గుంపుల్లోనూ మూడు విడతలు. మొదటి విడత ఈ కౌంటీ గురించి, మన ఇళ్ళలో నల్లవాళ్ళ గురించి మనం అనే మాటల గురించి. రెండోది మనకు ఇక్కడ జరిగినవి, కాన్సస్ లాంటివి. మూడోది మనలో మనం ఒకరికొకరం చేసుకుంటున్నది, కులం, రంగు, పిల్ల చామనఛాయ అనే సంబంధాల మాటలు, అన్నీ. ఈ వరస మార్చొద్దని నడిపేవాళ్ళను బతిమాలుతున్నాను. మన గాయంతో మొదలుపెడితే మూడు గంటలూ అక్కడే గడిచిపోతుంది, మిగతా రెండూ రావు.

నడిపే పద్ధతి: ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, అడ్డు ఉండదు, సలహా ఉండదు, మాట్లాడటం ఇష్టం లేకపోతే పాస్ అనొచ్చు. మీరు, వాళ్ళు అని కాకుండా నేను అని మొదలుపెట్టాలి. వాదన మొదలైతే టేబుల్ తట్టి ఒక నిమిషం మౌనం, తర్వాత ఆగినచోటి నుంచే.

కొందరు ఒక నల్లజాతి పాస్టర్ గారిని పిలిచి మాట్లాడిద్దామన్నారు. ఈసారి వద్దనే నా మాట. మన తడబాటంతా ఆయన కూర్చుని వినాలి, మనకు పాఠం చెప్పి, చివర మనతో ఫొటో దిగి వెళ్ళాలి, అది ఆయనకు మర్యాద కాదు. దానికి బదులు సోమవారం పొద్దున కింగ్ సెలవు సేవా కార్యక్రమాలకు మనమే వెళ్దాం, టోపీ బ్యానర్ ఏమీ లేకుండా, ఏ పని చెబితే ఆ పని. కమింగ్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ హత్య గురించి 2021లో పెట్టిన ఫలకం ఉంది, ఆదివారం 1 గంటకు నేను అక్కడ ఉంటాను, వచ్చేవాళ్ళు వచ్చి చదివి అక్కణ్ణుంచే లైబ్రరీకి రావొచ్చు.

ఫుడ్ టీమ్:
నలభై ఐదు మంది అనుకుని టీ, శనివారం అరిసెలు, సకినాలు, ఇంకో రెండు ట్రేలు పులిహోర చేస్తాను. గిన్నెల చప్పుడు మౌనంలో వినపడకుండా తినేది చివర్లో, 4:30కే పెడదాం. పల్లీలు పడనివాళ్ళు ముందే చెప్పండి.

ట్రెజరర్:
చదివాను, అన్నీ రెండేసి సార్లు చదివాను. నాకు ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయి, అవి గుంపులో కూర్చున్నాకే అడుగుతాను. నడిపేవాళ్ళు నలుగురే దొరికారు కదా, ఐదో గుంపుకు నేను కూర్చుంటాను. నడపడం నాకు రాదు, టైమ్ చూస్తాను, నాతో ఎవరైనా ఇంకొకరు ఉండాలి. 1 గంటకు నేనూ మా ఆవిడా ఫలకం దగ్గరికి వస్తాం.

ఈవెంట్ కోఆర్డినేటర్:
అన్నా, నీతో సెటప్ తమ్ముడు ఉంటాడు, ఇప్పుడే ఫోన్‌లో అడిగాను, సరేనన్నాడు. రూమ్ తాళం 1:45కి ఇస్తారు. కుర్చీలు నలభై ఉన్నాయి, ఇంకో పది శనివారం ఆడిటోరియం నుంచి వచ్చే వ్యాన్‌లో వేసుకు రావాలి, ఎవరి వ్యాన్ ఖాళీగా ఉందో శుక్రవారం లోపు రాయండి. నడిపేవాళ్ళ ప్రాక్టీస్ బుధవారం రాత్రి 9కి మా ఇంట్లో, పిల్లలను పడుకోబెట్టి రండి.