కొండ కింద గరువులో జీడి అంట్లు: రాళ్ళలో పెట్టినవి బతికాయి, మంచి మట్టిలో పెట్టినవి చచ్చాయి. ఎందుకు?

గరువుగాడు (నవంబర్ 24)

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, మెళియాపుట్టి మండలం. కొండని ఆనుకుని ఎకరా నలభై సెంట్ల గరువు, అంటే మెట్ట నేల, ఉంది. పదకొండేళ్ళు విశాఖలో సెంట్రింగ్ పని చేశాను. నడుం పట్టేశాక నిరుడు ఇంటికొచ్చేశాను. మా నాయిన ఉన్నన్నాళ్ళూ చోళ్ళు (రాగులు), ఉలవలు వేసేవాడు. ఆయన పోయాక నేల బీడు పడింది.

నేల సంగతి ముందు చెప్తాను. ఎర్రమట్టి. పైన జానెడు మందాన గులకరాళ్ళు, చింతపిక్కంతవి మొదలుకొని కోడిగుడ్డంతవి వరకు. ఆ కింద బంక. ఎండల్లో గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. వానల్లో అదే మట్టి చెప్పులు ఊడబీకి తన దగ్గర ఉంచేసుకుంటుంది.

జూలైలో 62 జీడి అంట్లు పెట్టాను. పై వాలులో 38, కింద 24. గోతులు మూడడుగులు, జేసీబీతో తీయించాను. ముందు రోజు గట్టి వాన పడింది, అయినా బండి పక్క ఊరికి వచ్చి ఉంది కదా, మళ్ళీ పిలిస్తే రానూ పోనూ కిరాయి ఎవడిస్తాడని ఆ రోజే కానిచ్చేశాను. కింద గోతుల్లో రాళ్ళన్నీ నేనూ మా అమ్మా నాలుగు రోజులు కూర్చుని ఏరేశాం. చెరువు మట్టి, పశువుల గెత్తం కలిపి నింపాం. పైకి వచ్చేసరికి ఓపిక అయిపోయింది. అక్కడ తీసిన రాళ్ళమట్టే మళ్ళీ గోతిలోకి తోసేశాను.

ఇప్పుడు లెక్క చూడండి. పైన 38లో 2 పోయాయి. కష్టపడి సాకిన కింద 24లో 17 పోయాయి. సెప్టెంబర్ నుంచి ఆకు పసుపు తిరిగింది, మధ్యాహ్నానికి తలలు వేలాడేసేవి. రోజూ సాయంత్రం మొక్కకి రెండు బిందెల నీళ్ళు మోశాను. మట్టి పరీక్ష కార్డు చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నట్టు రాశారు. చెదలా? మందు ఏదైనా వెయ్యాలా? మిగిలిన 7 మొక్కలైనా దక్కించుకోవాలి.

---

పచ్చపొలం

వాడిపోతున్నాయంటే నీరు చాలట్లేదు బ్రదర్. రెండు బిందెలు ఏ మూలకి? డ్రిప్ వేయించు.

---

ఉద్దానం_పిక్క

పై ఆయన మాట విని డ్రిప్ వెయ్యకు తమ్ముడూ, ఆ ఏడూ కూడా పోతాయి.

మాది పలాస దగ్గర. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మా తోట పడిపోయింది. మా మావయ్య నాటిన చెట్లు, నేను కాపురానికి వచ్చేసరికే కాపు మీద ఉన్నవి, ఒక్క రాత్రికి వేళ్ళతో సహా తిరగబడ్డాయి. తర్వాత ఏడాది మళ్ళీ అంట్లు పెట్టినప్పుడు, కొండవైపు ముక్కలో నువ్వు చేసిందే నేనూ చేశాను. తడి బంకలో జేసీబీ గోతులు. నువ్వు సెంట్రింగ్ పని చేశావు కదా, నీకు వేరే చెప్పక్కర్లేదు. తాపీ మేస్త్రి గోడని నున్నగా పామినట్టు ఆ బకెట్టు గోతి పక్కల్ని పామేస్తుంది. ఆరితే పెంకు కడుతుంది. నీరూ దూరదు, వేరూ దూరదు. నువ్వు తవ్వింది గొయ్యి కాదు, కుండ. అందులో చెరువు మట్టి నింపి రోజూ రెండు బిందెలు పోశావు.

వేరుకి గాలి ఆడకపోతే నీళ్ళలో నిలబడి కూడా తాగలేదు. అందుకే మొక్క దాహం వేసినట్టే వాడుతుంది. చూసినవాళ్ళు ఇంకా పోస్తారు. నేనూ పోశాను.

చచ్చిన మొక్క ఒకటి పీకి వేరు వాసన చూడు. కుళ్ళిన వాసన వచ్చి, పైతోలు వేళ్ళ మధ్య జారిపోతే నీటికి చచ్చినట్టే. చెదలయితే వేరు కొరికి, చుట్టూ మట్టి గూడు కనిపిస్తుంది. ఆ తర్వాత ఖాళీ గోతిలో నీళ్ళు పోసి, ఒకసారి ఇంకనిచ్చి, మళ్ళీ పోసి పుల్లతో కొలువు. రెండోసారి గంటకి రెండున్నర సెంటీమీటర్లు కూడా దిగకపోతే జీడికి ఆ చోటు పనికిరాదు. జీడి రాళ్ళకి ఓర్చుకుంటుంది, ఎండకి ఓర్చుకుంటుంది, కాళ్ళ కింద నీళ్ళు మాత్రం పడవు.

---

మన్ను_మాస్టారు

విజయనగరంలో ఉంటాను. చాలా ఏళ్ళు మట్టి పరీక్షలు చేసి రిటైరయ్యాను కాబట్టి కార్డు సంగతి నేను చెప్తాను.

బాబూ, నీ మట్టి మా దగ్గరికి వచ్చాక మొదట చేసే పని ఏమిటో తెలుసా? ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతాం. పైన మిగిలిన గులక బయటికి పోతుంది. జల్లెడ దిగిన మట్టికే పరీక్ష. ఆ కార్డులో ఉండే 12 అంశాల్లో ఉదజని సూచిక (pH) ఉంది, సేంద్రియ కర్బనం ఉంది, జింకు, బోరాన్ ఉన్నాయి. రాయి ఎంత, నీరు ఎంత త్వరగా ఇంకుతుంది అన్నవి లేవు. కార్డు అబద్ధం చెప్పలేదు. నువ్వు అడుగుతున్నది దాన్ని ఎవరూ అడగలేదు.

మీ కొండవాలు మన్ను ఎలా తయారైందో కొంచెం చెప్తాను, విసుక్కోకు. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. ఇక్కడి కొండల్లో ఉండే ఖోండుల పేరే దానికి పెట్టారు. వానకీ ఎండకీ ఆ రాయి చివికితే అందులోని కొన్ని ఖనిజాలు బంకమన్నుగా మారతాయి, ఇనుము తుప్పు పట్టి ఎరుపు ఇస్తుంది. తెల్లటి పలుగురాయి మాత్రం చివకదు, ముక్కలై గులకగా మిగిలిపోతుంది. అందుకే ఒకే చేట మట్టిలో అంత బంకా, అన్ని రాళ్ళూ. ఏళ్ళ తరబడి వాన నీరు పై పొరలోని సన్నటి బంకని కిందికి దింపుతుంది. పైన గులక మిగులుతుంది, అడుగున బంక గట్టిపడుతుంది.

ఇప్పుడు వాన పడిందనుకో. గులకలోంచి నీరు గబగబా దిగుతుంది. బంక తగలగానే ఆగుతుంది. ఆగి ఊరుకోదు, వాలు ఎటుంటే అటు, బంక మీదుగా, నేల లోపలే నడుస్తుంది. వాలు తగ్గిన చోట పైకి ఊరుతుంది. నా అనుమానం నీ కింది ముక్క అదే. గోతుల నున్నదనం ఒక్కటే అయితే పై 38 కూడా పోవాలి కదా, అవీ జేసీబీ గోతులేగా.

రెండు ప్రశ్నలు. నీ నేలకి పైన, కొండ మీద, ఈ మధ్య కందకాలు ఏమైనా తవ్వారా? కింది ముక్కలో తుంగ మొలుస్తోందా? గోతి అడుగున ఎర్రమట్టిలో బూడిద రంగు మచ్చలున్నాయేమో కూడా చూడు. ఎర్రమట్టి చాన్నాళ్ళు నీళ్ళలో నానితే అలా రంగు పోగొట్టుకుంటుంది.

---

అనంత_మెట్ట

మాది అనంతపురం. మా గుట్టల కింద కూడా ఇంచుమించు ఇలాంటి నేలే, గులక, కింద ఎర్ర బంక. కానీ మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగ చేసుకుంటాం. మీకు వెయ్యి దాటుతుంది. మా బంకలో అడుగున తెల్లటి సున్నపు గడ్డలు దొరుకుతాయి, బాత్రూం యాసిడ్ చుక్క వేస్తే బుస్సుమని పొంగుతాయి. ఆ సున్నాన్ని కడిగి తీసుకుపోయేంత నీరు మా నేలలోకి దిగదు. మీ దగ్గర ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, లోతు గొయ్యి తీసి చెరువు మట్టి నింపే పద్ధతి మా దగ్గర మొక్కని బతికిస్తుంది. మా వైపు పద్ధతి వీడియోల్లో చూసి మీరు చేస్తే ఇలా అవుతుంది. ఇంకో మాట, పైన ఉన్న గులక ఏరకండి అన్నా. వాన చినుకు దెబ్బ అది కాస్తుంది, నేల తడి ఆరకుండా కప్పి ఉంచుతుంది. మా తాత పొలంలో రాళ్ళు ఏరి గట్టు కట్టాడు, రెండు వానలకి పై మట్టి వంకలో కలిసింది. గట్టు మాత్రం ఇప్పటికీ బ్రహ్మాండంగా ఉంది.

---

గరువుగాడు (డిసెంబర్ 3)

అప్పా, మాస్టారూ, అనంతపురం అన్నా, మీరు చెప్పినవన్నీ చేశాను.

మూడు మొక్కలు పీకాను. చెదలు లేవు. వేరు తోలు ఉడికిన చిలగడదుంప తొక్కలా ఊడొచ్చింది. వాసన గురించి చెప్పను, మా అమ్మ ముక్కు మూసుకుని దూరం పోయింది.

చచ్చిన మొక్క తీసేసిన గొయ్యి ఒకటి పైన, ఒకటి కింద తీసుకున్నాను. ఒక్కోదానికి ఆరు బిందెలు. పైదానిలో రెండోసారి పోసిన నీళ్ళు చోడి అంబలి తాగి వచ్చేసరికి లేవు. కిందదానిలో సాయంత్రం పుల్లకి గుర్తు పెట్టి, తెల్లారి చూస్తే నాలుగు వేళ్ళ మందం దిగింది. రాత్రంతా కలిపి. గోతి గోడ గునపంతో చెక్కితే లోపల బూడిద మచ్చలు, మాస్టారు చెప్పినట్టే.

ఇక కందకాలు. నవ్వకండి. నిరుడు వేసవిలో ఉపాధి పని కింద మా నేలకి పైన కొండవాలు అడ్డంగా కందకాలు తవ్వారు. తవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. కూలి డబ్బులు కూడా వచ్చాయి. కొండ మీద పరిగెత్తే నీటిని పట్టి నేలలోకి దింపడానికే ఆ కందకాలు, అవి పని బాగానే చేశాయి. ఆ నీరు లోపల్నుంచి నడిచొచ్చి నా జీడి కాళ్ళ కింద తేలింది.

తుంగ సంగతి మా అమ్మని అడిగాను. "అక్కడ తుంగ మొలవకపోతే ఏటి మొలుస్తాది? మీ నాయిన దాన్ని మడి కట్టి వరి ఊడ్చేవాడు కదా. నువ్వు చిన్న గుంటడివి, నీకు గుర్తు లేదు" అంది. మరి నాలుగు రోజులు నాతో కూర్చుని రాళ్ళు ఏరినప్పుడు చెప్పలేదేమే అంటే, "నువ్వు అడిగావా? పట్నంలో చదివొచ్చినోడిలాగ ఫోన్లో చూసి చేస్తన్నావు కదా" అంది.

ఆ 7 మొక్కల్ని ఏం చెయ్యమంటారు?

---

ఉద్దానం_పిక్క

ఇప్పుడు కదపకు తమ్ముడూ. ప్రతి గోతికీ కిందవైపు గోడ తెగ్గొట్టి, గోతి అడుగు వరకు లోతుగా, వాలు వెంట మూరెడు వెడల్పు కాలవ తియ్యి, నీరు కారిపోతుంది. బతికితే బతుకుతాయి. వచ్చే తొలకరికి కొత్త అంట్లు పై వాలులోనే పెట్టుకో, ఈసారి గునపంతో తవ్వు, గోతి పక్కలు గరుకుగా ఉండనీ. బకెట్టుతో తీయించక తప్పకపోతే మట్టి పొడిగా ఉన్నప్పుడు తీయించి పక్కల్ని గునపంతో గీరు. చెరువు మట్టి వద్దు, తీసిన రాళ్ళమట్టిలోనే గెత్తం కలిపి నింపు. వాలు తగ్గే అంచున పెడితే మాత్రం గొయ్యి వద్దు, అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి దాని మీద నాటు.

---

గరువుగాడు

సరే అప్పా. నిన్న రెండు కాలవలు తీశాను. తీస్తున్నంతసేపూ నీరు సన్నగా కారుతూనే ఉంది, వాన పడి పన్నెండు రోజులైనా. కింది ముక్కలో ఇక జీడి పెట్టను. పాత మడి గట్టు ఎక్కడెక్కడ ఉండేదో మా అమ్మ కర్రతో గీస్తూ చూపించింది. ఒక మూల నా గోతుల్లో రెండు సరిగ్గా ఆ గట్టు మీదే పడ్డాయి. బతికున్న ఏడింట్లో రెండు అవే.