‘దిశానిర్దేశం చేశారు’కి ఇంగ్లిష్‌లో ఏ క్రియ వాడాలి? గైడ్, డైరెక్ట్, లీడ్, స్టీర్‌లలో ఎక్కడ ఏది?

మడతపేజీ (ప్రశ్న):

తెలుగు వార్తల్ని ఇంగ్లిష్‌లోకి మార్చేటప్పుడు ‘దారి చూపడం’ చుట్టూ తిరిగే మాటల దగ్గర చెయ్యి ఆగిపోతోంది. నిఘంటువు తీస్తే అన్నిటికీ ‘గైడ్’ అనో ‘డైరెక్ట్’ అనో ఉంటోంది. ఈ వాక్యాలకు ఏ క్రియ సరిపోతుందో, ఎందుకు సరిపోతుందో చెప్పగలరా?

1. వర్షాల దృష్ట్యా అప్రమత్తంగా ఉండాలని కలెక్టర్ అధికారులకు దిశానిర్దేశం చేశారు.
2. ఎన్నికలపై పార్టీ అధ్యక్షుడు కార్యకర్తలకు దిశానిర్దేశం చేశారు.
3. సరంగు లాంచీని ఇసుక మేటకు తగలకుండా తప్పించి రేవుకు చేర్చాడు.
4. వాలంటీర్లు వృద్ధులను దగ్గరుండి దర్శనానికి తీసుకెళ్లారు.
5. అధిక లాభాల ఆశ చూపి మదుపరులను తప్పుదోవ పట్టించారు.
6. మందులు ఎలా వాడాలో డాక్టర్ గైడ్ చేశారు.

పదసేద్యం:

రెండు సంగతులు చూసుకుంటే సగం చిక్కు విడిపోతుందండి. దారి చెప్పేవాళ్లు వెంట వస్తున్నారా? విన్నవాళ్లకు కాదనే వీలుందా?

ఉన్నచోటనే ఉండి ‘రెండో సందులో ఎడమకు తిరగండి’ అని చెబితే అది డైరెక్ట్. ముందు నడుస్తూ వెనక రమ్మంటే లీడ్. ఆ చోటు బాగా తెలిసిన మనిషి వెంట ఉండి చూపిస్తూ తీసుకెళ్తే గైడ్. ఆఫీసు వ్యవహారాల్లోకి వచ్చేసరికి డైరెక్ట్‌కు అధికారం తోడవుతుంది. పైవారు చెప్పారంటే కిందివారు చేసి తీరాలి. కాబట్టి మీ మొదటి వాక్యానికి ‘డైరెక్టెడ్ ది అఫీషియల్స్ టు స్టే అలర్ట్’ సరిగ్గా సరిపోతుంది. ‘గైడెడ్’ అని పెడితే ఆదేశం బరువు మొత్తం పోతుంది.

రెండోది కష్టం. ‘దిశానిర్దేశం’ అన్న మాట మన పత్రికల్లో ఎంత విరివిగా వాడుతున్నారంటే, ఆ సమావేశంలో అసలేం జరిగిందో దాన్నిబట్టి తెలియడం లేదు. వార్త కింది పేరాలు చదవాలి. బూత్‌లవారీగా పనులు అప్పగించి ఉంటే ‘ఇన్‌స్ట్రక్టెడ్’. వ్యూహం వివరించి ఉంటే ‘బ్రీఫ్డ్’. విభేదాలు పక్కనపెట్టి పనిచేయమని కోరడంతో సరిపెట్టి ఉంటే ‘అర్జ్డ్’. తెలుగు మాట ఒకటే కదా అని ఇంగ్లిష్‌లోనూ ఒకే క్రియతో నడిపించబోతే తప్పు వార్త వెళ్తుంది.

ఆరోదానికి గైడ్ వద్దు. గైడ్ పక్కన మనిషిని పెట్టి, వెంటనే ‘టు టేక్’ లాంటి క్రియ తగిలించడం మనవైపు ఇంగ్లిష్‌లో బాగా అలవాటైంది. బయటి పాఠకుడికి అది కృతకంగా వినిపిస్తుంది. మందు వేసుకోమని చెబితే ‘అడ్వైజ్డ్’, ఎలా వేసుకోవాలో చెబితే ‘ఎక్స్‌ప్లెయిన్డ్’. ఇన్సులిన్ సూది ఎలా గుచ్చుకోవాలో మెట్టుమెట్టుగా చూపించి చేయిస్తే అప్పుడు ‘గైడెడ్ ది పేషెంట్ త్రూ ఇట్’ అనొచ్చు. ఆ ‘త్రూ’లోనే తోడుండి దాటించడం ఉంది.

లీడ్ విషయంలో ఒక జాగ్రత్త. భూతకాలం ‘లెడ్’కు ఎల్, ఈ, డీ అని మూడే అక్షరాలు. సీసం అనే లోహం పేరునూ ‘లెడ్’ అనే పలుకుతారు, కానీ దాని స్పెల్లింగులో ‘ఏ’ అక్షరం ఉంటుంది. ఆ పోలిక వల్ల ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కూడా ఇక్కడ తప్పు రాస్తారు, స్పెల్‌చెక్ పట్టుకోదు. ఇంకొకటి, రోడ్డుకూ కారణానికీ లీడ్ పనిచేస్తుంది. ‘ఈ దారి గుడికి పోతుంది’, ‘ఆ నిర్ణయం గొడవకు దారితీసింది’ రెండూ ‘లీడ్ టు’తోనే. మనం ‘దారితీయడం’ అంటున్నామంటే ఇక్కడ రెండు భాషల ఊహా ఒకటే. గైడ్‌ను ఈ అర్థంలో వాడలేం.

రేవుగాలి:

మూడో వాక్యానికి ‘స్టీర్డ్’. చుక్కాని మీదో స్టీరింగ్ మీదో చెయ్యి ఉండాలి, ఎప్పటికప్పుడు సర్దుతూ ఉండాలి. అదీ స్టీర్. ఒక్కసారి చెప్పి ఊరుకోవడం డైరెక్ట్, వదలకుండా సర్దుతూ ఉండడం స్టీర్. ‘స్టీర్డ్ ది లాంచ్ పాస్ట్ ది శాండ్‌బ్యాంక్’ అంటే మేట పక్కగా దాటించడం కూడా వచ్చేస్తుంది.

పెద్ద ఓడల వార్తల్లో మాత్రం ఈ మాటల్ని ఒకదాని బదులు ఒకటి వాడకూడదు. విశాఖ ఇన్నర్ హార్బర్‌లోకి, డాల్ఫిన్స్ నోస్ పక్క కాలువ గుండా, ఓడ వస్తోందనుకోండి. పోర్టు పైలట్ ఓడ ఎక్కుతారు. ఆ నీళ్లు తెలిసిన మనిషి కాబట్టి ఓడ కదలికకు సంబంధించిన సూచనలు ఆయనవే. దానికి ‘పైలట్’ క్రియ. చక్రం పట్టేది ఆయన కాదు, హెల్మ్స్‌మన్. అతను చేసేది ‘స్టీర్’. పైలట్ ‘స్టార్‌బోర్డ్ టెన్’ అంటే చుక్కానిని కుడివైపుకు 10 డిగ్రీలు తిప్పాలి. హెల్మ్స్‌మన్ ఆ మాటను తిరిగి పలికి తిప్పుతాడు. అదే ‘స్టీర్ జీరో ఫోర్ ఫైవ్’ అంటే చుక్కాని కోణం కాదు, దిక్సూచి మీద 45 డిగ్రీల దిశ పట్టి ఉంచమని. ఓడ ఎక్కడుందో లెక్కగట్టి, ఏ మార్గంలో వెళ్లాలో గీయడం ‘నావిగేట్’. ఇంత జరుగుతున్నా కమాండ్ మాస్టర్ దగ్గరే, అంటే ఓడ కెప్టెన్ దగ్గరే ఉంటుంది. పైలట్ ఎక్కగానే అధికారం ఆయనకు మారిపోయినట్టు ‘టుక్ కమాండ్’ అని రాస్తే, ప్రమాదం జరిగిన వార్తలో బాధ్యుడే మారిపోతాడు.

తీర్పుప్రతి:

డైరెక్ట్ గురించి కోర్టు వైపు నుంచి కొంచెం. రాజ్యాంగం 32, 226 అధికరణాల్లో ‘డైరెక్షన్స్, ఆర్డర్స్, రిట్స్’ అని మూడూ విడివిడిగా ఉన్నాయి. అందుకే హైకోర్టు ‘ఆదేశించింది’ అంటే కళ్లు మూసుకుని ‘ఆర్డర్డ్’ రాయకుండా, ఉత్తర్వు ప్రతిలో ఏ మాట ఉందో చూసి అదే ఉంచండి. ‘అబ్జర్వ్డ్’ అని ఉంటే అది వ్యాఖ్య మాత్రమే. దాన్ని ‘డైరెక్టెడ్’ చేస్తే లేని ఆదేశాన్ని పుట్టించినట్టే.

వాక్యం కట్టేటప్పుడు రెండు దారులున్నాయి. ఎవరికి చెప్పారో తెలిస్తే ‘డైరెక్టెడ్ ది స్టేట్ టు ఫైల్ ఎ కౌంటర్’. పని మీద దృష్టి ఉంటే ‘డైరెక్టెడ్ దట్ ది అమౌంట్ బి డిపాజిటెడ్’. ఇక్కడ ‘బి’నే ఉండాలి, ‘ఈజ్’ కాదు.

‘గైడ్‌లైన్స్’ను మార్గదర్శకాలు అనీ, ‘డైరెక్టివ్ ప్రిన్సిపుల్స్’ను ఆదేశిక సూత్రాలు అనీ మనవాళ్లు ముందే విడదీసి పెట్టారు. కానీ ఆదేశిక సూత్రాల్ని కోర్టు ద్వారా అమలు చేయించలేమని 37వ అధికరణమే చెబుతోంది. కాబట్టి పేరులో ‘డైరెక్ట్’ ఉన్నంత మాత్రాన ప్రతిచోటా కోర్టు బలం ఉందనుకోకండి.

పదసేద్యం:

మంచి సవరణ. ‘కాదనే వీలుందా’ అన్న నా కొలత క్రియకే వర్తిస్తుంది, పేర్లకు కాదు.

మిగిలిన రెండూ చెప్పేస్తాను. నాలుగోదానికి ‘ఎస్కార్టెడ్’ అంటే తప్పు కాదు గానీ భద్రతో కాపలానో ధ్వనిస్తుంది, పోలీసు వాహనాలు గుర్తొస్తాయి. ‘అషర్డ్’ అంటే గుమ్మం దగ్గర మర్యాదగా ఎదురొచ్చి లోపలికి చేర్చడం, దూరం కొద్దిగానే. పెద్ద గుంపును ఎవరూ తప్పిపోకుండా నడిపిస్తే ‘షెపర్డెడ్’. అదే అర్థం కదా అని ‘హర్డెడ్’ రాశారంటే పశువుల్ని తోలినట్టవుతుంది, వాలంటీర్ల మీద ఫిర్యాదు చేసినట్టే. చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా తీసుకెళ్లారు కాబట్టి మీ వాక్యానికి మామూలు ‘గైడెడ్’ చాలు. ‘హెల్ప్డ్’ ఇంకా నయం.

ఐదోది ‘మిస్‌లెడ్’. మన ఇంగ్లిష్‌లో ఇక్కడ ‘మిస్‌గైడెడ్’ ఎక్కువగా పడుతుంది. బయట ఆ మాట దాదాపు విశేషణంగానే బతుకుతోంది. ఉద్దేశం మంచిదే, ఆలోచనే పొరపాటు అన్నప్పుడు వాడతారు. మోసగాడికి అది తగిలిస్తే జాలి చూపినట్టవుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఉన్నది కూడా ‘మిస్‌లీడింగ్ అడ్వర్టైజ్‌మెంట్’. ‘మిస్‌డైరెక్టెడ్’ వేరు. ఉత్తరం తప్పు చిరునామాకు వెళ్లినప్పుడు అది.

మడతపేజీ:

చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. ఒక్కటి మిగిలింది. సిద్ధాంత గ్రంథం అట్ట మీద ‘ఫలానా ఆచార్యుల పర్యవేక్షణలో’ అని ఉంటుంది కదా, దానికి ‘గైడ్’ రాయవచ్చా?

తీర్పుప్రతి:

మన విశ్వవిద్యాలయాలకు ఇస్తుంటే ‘అండర్ ది గైడెన్స్ ఆఫ్’ అందరికీ తెలుసు, ఉంచేయండి. బ్రిటన్‌కు ‘సూపర్‌వైజర్’, అమెరికాకు ‘అడ్వైజర్’. పర్యవేక్షణ కదా అని ‘ఓవర్‌సైట్’ మాత్రం వేయకండి. దానికి పర్యవేక్షణ అనీ, చూసుకోక చేసిన పొరపాటు అనీ రెండర్థాలూ ఉన్నాయి. ‘ఓవర్‌లుక్డ్ బై’ అని పడితే ఆచార్యులు ఆ గ్రంథాన్ని అసలు చూడనే లేదని అర్థం.