ఉద్యోగం చేస్తూ ఇంటి పచ్చళ్ళు అమ్మితే నిజంగా మిగులుతుందా?

గోదారి_పిల్ల:
మాది భీమవరం, ఉద్యోగం హైదరాబాద్‌లో. అమ్మ పెట్టిన ఆవకాయ ఆఫీసులో రుచి చూపిస్తే చాలామంది డబ్బులిచ్చి మరీ పట్టుకెళ్ళారు. కిలో 450కి ఇచ్చాను. సరుకు, సీసా, స్టిక్కర్ అన్నీ కలిపి 270 పడింది. అంటే కిలోకి 180 మిగిలినట్టే కదా! వచ్చే సీజన్‌కి వాట్సాప్ గ్రూపు పెట్టి గట్టిగా మొదలుపెడదామని ఉంది. మా తమ్ముడేమో "అమ్మ చేత చాకిరీ చేయించి నువ్వు సంపాదిస్తావా" అంటున్నాడు. మీరేమంటారు?

లెక్కల_పంతులు:
అమ్మా, మీ తమ్ముడి మాటలో లెక్క ఉంది. ఆ 180లో కూలీ ఎక్కడ? కాయలు కడిగి తడి లేకుండా తుడవాలి. ముక్కలు కొట్టించాక ఒక్కో ముక్కకీ జీడి తీసి, టెంకకి అంటుకున్న పొర గీకాలి. ఆవాలు ఎండబెట్టి పిండి ఆడించాలి. మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడాలి. ఆ తర్వాత సీసాల్లోకి ఎత్తాలి. ఇరవై కిలోలకి ఇద్దరికి రెండేసి రోజుల పని అనుకుందాం. మనిషికి రోజుకి 600 వేసినా 2,400. కిలోకి 120 అక్కడే పోయె. మిగిలింది 60. అందులోంచే దారిలో పగిలిన సీసా, "సాయంత్రం ఫోన్‌పే చేస్తానే" అని మర్చిపోయిన స్నేహితురాలు.

కూకట్‌పల్లి_కోడలు:
పంతులుగారూ, ఇలా లెక్కేస్తే ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగదండీ. మా అత్తగారు రోజంతా టీవీ ముందు కూర్చునేవారు. ఇప్పుడు కారప్పొడులు, సున్నుండలు చేసి మా అపార్టుమెంట్‌లోనే అమ్ముతున్నారు. మందులకి కూడా మా ఆయన్ని అడగడం లేదు. గోదారి_పిల్ల గారూ, ఒక్క ఆవకాయనే నమ్ముకోకండి, అది వేసవి రెండు నెలల ముచ్చట. గోంగూర, ఉసిరి, కందిపొడి పెట్టుకుంటే ఏడాది పొడవునా ఆర్డర్లు ఉంటాయి. పైగా పొడులకి కొరియర్‌లో నూనె కారే గొడవ లేదు.

లెక్కల_పంతులు:
డబ్బు మీ అత్తగారి చేతికే వెళ్తోందిగా, ఇంక నాకు పేచీ ఏముంది? ఇక్కడ కష్టం భీమవరంలో, ఫోన్‌పే హైదరాబాద్‌లో. నా గొడవంతా దాని గురించే.

ఆడిటర్_బాబాయ్:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. ముందు కాగితాల సంగతి. ఇంట్లో చేసి అమ్మినా ఆహార వ్యాపారమే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే కేంద్ర ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి. చిన్న వ్యాపారులకి ఫీజు ఏడాదికి 100 రూపాయలే, ఆ సంస్థ ఫాస్కాస్ వెబ్‌సైట్‌లో చేసుకోవచ్చు. తయారీ భీమవరంలో కాబట్టి ఆ చిరునామాతోనే చేయించాలి. వచ్చే 14 అంకెల నంబరు సీసా మీద ఉండాలి. దాంతోపాటు ఏమేం వేశారు, నికర బరువు, తయారైన తేదీ, శాకాహారానికి ఆకుపచ్చ గుర్తు.

జీఎస్టీ దగ్గర ఒక మెలిక ఉంది. వస్తువులమ్మేవాళ్ళకి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. నిజమే, కానీ అది రాష్ట్రం లోపల అమ్మితేనే. భీమవరంలో చేసి హైదరాబాద్‌లో కొన్నవాళ్ళకి నేరుగా పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం, ఆ మినహాయింపు పనికిరాదు. మీ కేసు సరిగ్గా అదే తల్లీ. ఆదాయపు పన్నుకి కూడా జీతగాళ్ళు మామూలుగా వేసే ఐటీఆర్-1 రిటర్ను ఫారం సరిపోదు, అందులో వ్యాపార ఆదాయం చూపలేం. అమ్మకాల్లో ఇంత శాతం లాభమని అంచనా వేసి దాని మీద పన్ను కట్టేట్టయితే ఐటీఆర్-4 చూసుకోండి.

కోడ్_కాపరి:
ఆఫర్ లెటర్ ఒకసారి చదవండి అక్కా. 2022లో విప్రో 300 మందిని తీసేసిందని అందరికీ భయం. వాళ్ళు పోటీ కంపెనీలకి పనిచేస్తూ దొరికారని చెప్పింది. పచ్చళ్ళకీ దానికీ పోలిక లేదు గానీ, కొన్ని కంపెనీలు ఏ వ్యాపారమైనా ముందు చెప్పాలని రాసుకుంటాయి. ఆఫీసు గ్రూపులో ఆర్డర్లు మాత్రం తీసుకోకండి.

కూకట్‌పల్లి_కోడలు:
బాబాయ్‌గారూ, ఇవన్నీ వింటే మొదలుపెట్టాలనుకున్న మనిషికి టెన్షన్ వచ్చి మానేస్తుంది. ముందు నలుగురికి అమ్మి చూడనివ్వండి.

ఆడిటర్_బాబాయ్:
ఆ నలుగురిలో ఒకరికి కడుపులో తేడా చేస్తే? తడి గరిటె పెట్టింది వాళ్ళే అయినా నింద మీ సీసా మీదకే వస్తుంది. జీఎస్టీ సంగతి నెమ్మదిగా కూర్చుని చూసుకోవచ్చు, ఆ వంద రూపాయల పని ముందు చెయ్యమంటున్నా.

గోదారి_పిల్ల:
అందరికీ థాంక్సండీ. అమ్మకి ఫోన్ చేసి నేరుగా అడిగాను. "కొలతలు నేను చూసుకుంటా, కలపడానికీ గీకడానికీ మనిషిని పెట్టు, డబ్బులు నా ఖాతాలో వెయ్యి" అంది. తమ్ముడు పక్కనే ఉండి నవ్వుతున్నాడు, వాడే నేర్పాడని నా అనుమానం. రిజిస్ట్రేషన్ అమ్మ పేరునే చేయిస్తాను. జీఎస్టీ గురించి బాబాయ్‌గారికి విడిగా మెసేజ్ పెడతా. కూలీ కలుపుకుంటే కిలో 550 పెట్టక తప్పేట్టు లేదు.

లెక్కల_పంతులు:
550 న్యాయమైన ధరే. కొరియర్ ఖర్చు వేరేగా తీసుకోండి, అందులో కలపొద్దు.

కూకట్‌పల్లి_కోడలు:
550 అంటే మీ ఆఫీసువాళ్ళు రెండోసారి అడగరు, చూస్తుండండి. మా అత్తగారు ఆవకాయ కూడా పెడతారు, 480కే ఇస్తాం. కావాలన్నవాళ్ళని ఇటు పంపించండి!