పెళ్లిలో ఒక్క మాట అన్నారు, మా పాప రాత్రి అన్నం మానేసింది

ఎంవీపీ_అమ్మ:
పాప తొమ్మిదో తరగతి. పోయిన నెల బంధువుల పెళ్లిలో మా ఆడపడుచు "ఏటే, ఇలా దుక్కలా అయిపోయావు, ఓణీ ఎలా నప్పుతుందే" అంది, నలుగురిలో. అప్పట్నుంచి రాత్రిపూట నాలుగు కీరా ముక్కలు తిని లేచిపోతోంది. ఫోన్ నిండా హీరోయిన్ల నడుములు, వారంలో పొట్ట మాయం చేసే రీల్సే. ఆర్కే బీచ్‌లో ఫొటో తీస్తానంటే చున్నీ అడ్డం పెట్టుకుంటోంది. వాళ్లకి ట్రైనర్లు ఉంటారే, లైటింగ్ ఉంటుంది, పైన ఎడిటింగ్ కూడా చేస్తారే అంటే "నీకేం తెలీదమ్మా" అంటోంది. ఏం చెయ్యను?

గాజువాక_కుర్రాడు:
పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిపించండి, తగ్గిపోతుంది. దీనికింత టెన్షన్ ఎందుకండీ.

సీతమ్మధార_అక్క:
తమ్ముడూ, ఆవిడ బరువు తగ్గించమని అడగలేదు, ఇంకోసారి చదువు.
అమ్మా, మా అమ్మ కాలంలో సావిత్రి బొద్దుగా ఉందని ఎవరూ సినిమా మానుకోలేదు. మన పక్కన శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, 69 కిలోల శరీర బరువు విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. బరువు దాచుకునే పనే లేదు, ఆవిడ పోటీ పేరులోనే ఉంది.

పోర్ట్_ఏరియా:
మన వైజాగ్ పిల్లే జ్యోతి యర్రాజీ కూడా ఉంది, 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. కానీ ఒక్కటి, హీరోయిన్ ఫొటో తీసేసి అథ్లెట్ ఫొటో పెడితే అది ఇంకో కొలత అవుతుందంతే. నేనూ ఆ వయసులో తిండి మానేసినదాన్నే, సన్నబడ్డానని అందరూ మెచ్చుకుంటే ఇంకా మానేశాను. పీరియడ్స్ సరిగా వస్తున్నాయా, కళ్లు తిరుగుతున్నాయా అడగండి, ముందు డాక్టర్‌కి చూపించండి. మీ ఆడపడుచుతో కూడా మాట్లాడండి, పాప వింటుండగా.

ఎంవీపీ_అమ్మ:
ఫోన్ చేశా. "నేనేం తప్పన్నాను, ఉన్న మాటేగా" అని గొంతు పెంచింది, నేనూ తగ్గలేదు. పాప గది తలుపు దగ్గర నిలబడి అంతా వింది. ఈ నెల పీరియడ్ రాలేదట, నాకు చెప్పనేలేదు. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం.