తులంబెన్ (బాలి) లిబర్టీ ఓడ దగ్గర డైవింగ్: వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

మియాపూర్ రవి
సెప్టెంబర్‌లో బాలి వెళ్తున్నాం. నాకు ఓపెన్ వాటర్ (డైవింగ్‌లో మొదటి మెట్టు) సర్టిఫికెట్ ఉంది. మా ఆవిడకి ఈత బాగా వచ్చు, డైవింగ్ మాత్రం కొత్త. మునిగిపోయిన ఓడని చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. ఓపెన్ వాటర్‌తో సరిపోతుందా, తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్ చేయాల్సిందేనా? రూమ్ కుటాలో తీసుకున్నాం. ఒక్కరోజులో వెళ్లి వచ్చేయొచ్చా?

భీమిలి కెరటం
రవి గారూ, వీలైతే ఒక రాత్రి తులంబెన్‌లోనే ఉండండి. పక్కనే ఉన్న అమెద్‌లో అయినా ఫర్వాలేదు. కుటా నుంచి కారులో రెండున్నర, మూడు గంటలు పడుతుంది. ట్రాఫిక్ ఉంటే ఇంకా ఎక్కువే. తెల్లారి బయల్దేరినవాళ్లంతా పది, పదకొండు గంటలకి ఒకేసారి దిగుతారు. అప్పుడు ఓడ మీద చేపల కంటే మనుషులే ఎక్కువ కనిపిస్తారు. అక్కడే పడుకుంటే సూర్యోదయానికి నీళ్లలో ఉండొచ్చు. మధ్యాహ్నం మూడు దాటాక కూడా జనం పలచబడతారు.

సర్టిఫికెట్ గురించి టెన్షన్ వద్దు. ఓడ ఒడ్డుకి దగ్గర్లోనే పక్కకి ఒరిగి ఉంటుంది. పై భాగం సుమారు 5 మీటర్ల లోతులోనే తగులుతుంది, అడుగు 30 మీటర్ల దాకా వెళ్తుంది. ఓపెన్ వాటర్ వాళ్ల హద్దు 18 మీటర్లు కాబట్టి చాలా భాగం మీకు అందుతుంది. పగడాలు, చేపలు కూడా వెలుతురు బాగా పడే పై భాగంలోనే నిండుగా ఉంటాయి. లోతుకి వెళ్తే గాలి త్వరగా అయిపోతుంది, చూసే టైమ్ తగ్గుతుంది. మొదటిసారికి పైనే నిదానంగా తిరగమంటాను.

సుజాత_పెర్త్
పడవ అక్కర్లేదు, ఒడ్డు నుంచే నడిచి దిగాలి. కానీ అది ఇసుక బీచ్ కాదు, నున్నటి నల్లరాళ్లు. అల వచ్చినప్పుడల్లా కాలి కింద రాయి దొర్లుతుంది. వీపున సిలిండర్, నడుముకి బరువులు పెట్టుకుని ఆ రాళ్ల మీద నడవడమే ఈ డైవ్‌లో కష్టమైన భాగం. గట్టి అడుగున్న బూటీలు తప్పనిసరి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గైడ్‌కి ముందే చెప్పండి, నీళ్లలోకి వెళ్లాక సిలిండర్ తగిలిస్తారు.

సిలిండర్లు మోసేది ఎక్కువగా ఆ ఊరి ఆడవాళ్లే. నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద సిలిండర్ అడ్డంగా పెట్టుకుని ఆ రాళ్ల మీద చకచకా నడిచిపోతారు. పల్లెలో నీళ్లబిందెలు మోసే అమ్మలు గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి. దయచేసి వాళ్లకి టిప్ ఇవ్వండి. ఈ ఓడ చూడ్డానికి ప్రపంచమంతా వస్తోందంటే అందులో వాళ్ల కష్టం చాలా ఉంది.

కాకినాడ శర్మ
వెళ్లేముందు ఓడ కథ తెలుసుకుంటే చూపే మారిపోతుంది. పేరు చూసి చాలామంది దీన్ని రెండో ప్రపంచయుద్ధంలో వేల సంఖ్యలో కట్టిన 'లిబర్టీ షిప్'లలో ఒకటి అనుకుంటారు. కాదు. ఇది 1918లో న్యూజెర్సీలో కట్టిన సరుకు ఓడ. యుద్ధం నాటికి అమెరికా సైన్యం దీన్ని రవాణాకి వాడుతోంది.

1942 జనవరి 11న రైల్వే సామాను, రబ్బరు వేసుకుని వెళ్తుండగా లొంబాక్ జలసంధి దగ్గర జపాన్ జలాంతర్గామి ఐ-166 టార్పెడోతో కొట్టింది. అమెరికన్ డిస్ట్రాయర్ పాల్ జోన్స్, డచ్ డిస్ట్రాయర్ వాన్ ఘెంట్ కలిసి దీన్ని సింగరాజా రేవు వైపు లాక్కెళ్లాయి. దారిలో నీళ్లు ఎక్కువైపోవడంతో తులంబెన్ ఒడ్డుకి ఎక్కించేశారు. అక్కడే 21 ఏళ్లు ఉండిపోయింది. పనికొచ్చే సామానంతా ఊడదీసుకుపోయారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఓడ ఒడ్డు మీంచి జారి ఇప్పుడున్న వాలులోకి చేరింది. ఆ విస్ఫోటనంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఒడ్డున నిలబడి అగుంగ్ వైపు చూసేటప్పుడు వాళ్లని కూడా తలచుకోండి.

టార్పెడో దెబ్బ తిన్న మూడు నెలల్లోపే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఏప్రిల్ 9న శ్రీలంకలో బట్టికలోవా దగ్గర బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్‌ని ముంచేశాయి. అదీ డైవర్లు వెళ్లే చోటే కానీ 50 మీటర్లు దాటిన లోతు, ప్రత్యేక శిక్షణ లేకుండా కుదరదు. మా ఊళ్లో పెద్దవాళ్లు చెప్పుకున్న ఆ బాంబుల రోజులూ లిబర్టీ మునకా ఒకే యుద్ధంలోవని తెలిశాక నాకది పరాయి ఓడ అనిపించలేదు.

నీలిమ (సింగపూర్)
తెల్లవారుజాము డైవ్‌కి నాదీ పెద్ద ఓటు. బంప్‌హెడ్ ప్యారెట్‌ఫిష్ గుంపు రాత్రి ఓడలోనే పడుకుంటుంది. నుదుటి మీద బుడిపె, మీటరు పైన పొడవు. వెలుగు రాగానే ఒక్కొక్కటే లేచి బయటికి వెళ్లిపోతాయి. వాటికి దారి వదిలి పక్కన ఉండండి, మొహం మీద లైటు కొట్టొద్దు.

ఓడ దగ్గరికి వెళ్లే దారిలో నల్ల ఇసుకని కూడా చూడండి. గార్డెన్ ఈల్స్ (పాముల్లాంటి సన్నటి చేపలు) తలలు బయటపెట్టి ఊగుతుంటాయి, మనం దగ్గరికి పోగానే బొరియల్లోకి దూరిపోతాయి. ఓపెన్ వాటర్ తర్వాత అడ్వాన్స్‌డ్ కూడా చేస్తే, లోతులో విసనకర్రల్లా విచ్చుకున్న సీ ఫ్యాన్ పగడాల మీద గోరంత కూడా లేని పిగ్మీ సీహార్స్ చూడొచ్చు. గైడ్ వేలు పెట్టి చూపించినా కనిపెట్టడానికి టైమ్ పడుతుంది.

సెప్టెంబర్ మంచి నెలే. అప్పుడప్పుడు లోపల చల్లటి నీటి పొర తగులుతుంది, సన్నటి సూట్ కాకుండా 5 మిల్లీమీటర్లది అడగండి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు, అలలు. ఆ రాళ్ల మీద అప్పుడు దిగడం నాకైతే ఇష్టం లేదు.

మియాపూర్ రవి
అందరికీ చాలా థ్యాంక్స్. మా ఆవిడ సంగతి ఎవరైనా చెప్పండి. ఇంకోటి, పొద్దున రెండు డైవ్‌లు చేసి సాయంత్రం కింతామణి వెళ్లి, తెల్లారి బతూర్ కొండ ఎక్కుదామని ప్లాన్.

భీమిలి కెరటం
ఆ ప్లాన్ మార్చండి. కింతామణి దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. డైవ్ అయ్యాక ఒంట్లో నైట్రోజన్ మిగిలి ఉంటుంది. వెంటనే ఎత్తుకి వెళ్తే బయట పీడనం తగ్గి అది బుడగలు కడుతుంది, కీళ్లనొప్పులతో మొదలై పక్షవాతం దాకా వెళ్లొచ్చు. విమానానికి పాటించే నియమమే కొండకీ పాటించండి. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. కొండ ముందు, సముద్రం తర్వాత పెట్టుకుంటే ఇంకా మేలు. తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్‌కి తీరం వెంట ఉన్న రోడ్డే పట్టమని చెప్పండి.

ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఒకసారి చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో డైవింగ్ ఉందో లేదో, ఎంత లోతు దాకా ఉందో చూసుకోవాలి.

సుజాత_పెర్త్
మీ ఆవిడకి సర్టిఫికెట్ లేకుండానే ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి 12 మీటర్ల దాకా దిగే పరిచయ డైవ్ ఉంటుంది. అయితే నేరుగా ఓడ దగ్గరికి తీసుకెళ్లేవాళ్లని నమ్మకండి. ముందు లోతు తక్కువ నీళ్లలో మాస్క్‌లోకి వచ్చిన నీళ్లు ఊదేయడం, చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం నేర్పాలి. జలుబు చేస్తే ఎంత డబ్బు కట్టినా దిగొద్దు. తనకి అంతగా మనసు లేకపోతే స్నార్కెల్‌తో పైన తేలుతూ కూడా ఓడ పై భాగం చూడొచ్చు, నీరు తేటగా ఉన్న రోజున చక్కగా కనిపిస్తుంది.

గోదారి గంగరాజు
ఒక్క మాట బాధతో చెప్తున్నా. మా గుంపుకి వచ్చిన గైడ్ ఫొటోల కోసం అందరినీ ఓడ అంచు పట్టుకుని నిలబడమన్నాడు. వద్దని నేను చేతులూపుతూనే ఉన్నా, ఒకాయన కాళ్లకి తొడుక్కున్న ఫిన్ (ఈత రెక్క) తగిలి పగడం కొమ్మ విరిగింది. అది పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఇనుము కూడా అరవై ఏళ్లకి పైగా ఉప్పునీళ్లలో నాని పెళుసైపోయింది. లోపలికి దూరినవాళ్లు వదిలే గాలి బుడగలు పైకప్పు కింద నిలిచిపోతే తుప్పు ఇంకా ఎక్కువవుతుంది. బయట నుంచి చూడండి చాలు. చిన్న ఇనుప ముక్కైనా జేబులో వేసుకోవద్దు.

దిగేముందు గైడ్‌ని రెండు ప్రశ్నలు అడగండి: ఒక్క గైడ్ ఎంతమందిని తీసుకెళ్తారు? గాలి ఎంత మిగిలినప్పుడు వెనక్కి తిప్పుతారు? నలుగురికి మించితే వేరే వాళ్లని చూసుకోండి. సిలిండర్‌లో 50 బార్ (గాలి పీడనం కొలత) మిగిలేసరికి మీరు ఒడ్డు దగ్గర ఉండాలి.

నీలిమ (సింగపూర్)
శాకాహారులైతే టెంపే (పులియబెట్టిన సోయా), గాడో-గాడో (వేరుశనగ సాస్‌తో కూరగాయలు) దొరుకుతాయి. సంబల్ అనే కారం పచ్చడిలో రొయ్యల ముద్ద కలుపుతారు, 'తెరాసి' వద్దని చెప్పాలి. ఇక ఎవరైనా మార్చిలో వెళ్లేట్టయితే న్యేపి తేదీ చూసుకోండి. అది వాళ్ల శక సంవత్సరాది, చాలా ఏళ్లు మన ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. ఆ రోజంతా ఎయిర్‌పోర్ట్ మూసేస్తారు, ఎవరూ బయటికి రాకూడదు, డైవింగ్ కూడా ఉండదు.

మియాపూర్ రవి
కొండ ముందుకి జరిపాను, తులంబెన్‌లో రెండు రాత్రులు బుక్ చేశాను. మా ఆవిడ వచ్చే వారం నుంచి ఇక్కడే స్విమ్మింగ్ పూల్‌లో ప్రాక్టీస్ మొదలుపెడుతోంది. తనకి కళ్లజోడు ఉంది, పవర్ ఉన్న మాస్క్ అక్కడ అద్దెకి దొరుకుతుందా, ఇక్కడే చేయించుకోవాలా?

సుజాత_పెర్త్
కొన్నిచోట్ల ఉంటాయి కానీ సరిగ్గా ఆమె పవర్‌కే దొరుకుతుందని నమ్మకం లేదు. ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, ముందు పూల్‌లో పెట్టి చూసుకోమనండి.